రూజు అద్దిన చెయ్యి

నా దగ్గర పనిచేసే ఇద్దరమ్మాయిలూ దాన్ని బ్లష్ అంటారు. నేనూ అలాగే అంటాను. రూజు అనడం మానేసి మూడేళ్లయింది. ఫిల్మ్ నగర్‌లో ఆ మాట ఇంకా వాడే పాతకాలం మేకప్ వాళ్లు ఒకరిద్దరున్నారు. "ఆ రూజు ఇలా ఇవ్వమ్మా" అని వాళ్లెవరైనా అంటే ఈరోజుకీ నాకు ఒళ్లు మండుతుంది. పాపం, వాళ్లేం చేశారు.

ఆ మాట నాకు నేర్పింది మా మాస్టారు. తెనాలి వైపు మనిషి, మద్రాసులో మేకప్ పని నేర్చుకుని ఇక్కడికొచ్చి స్థిరపడ్డారు. పార్లర్ పని తెలుసన్న ధీమాతో నేను కృష్ణానగర్‌లో గది తీసుకుని ఆయన దగ్గర అసిస్టెంటుగా చేరాను. మొదటిరోజే ఒక చిన్న డబ్బా చూపించి ఇదేమిటని అడిగారు.

"బుగ్గలకు పెట్టే ఎర్ర రంగు సార్" అన్నాను.

"రంగు గోడలకేస్తారమ్మా. ఇది రూజు. మనం పైన ఇంత పూత పూశాక మనిషి ముఖం మట్టి ముద్దలా అయిపోతుంది. లోపల నెత్తురుందని కెమెరాని నమ్మించేది ఇదొక్కటే" అన్నారు.

పౌడర్ వేస్తారు, కాటుక పెడతారు, రూజు మాత్రం అద్దుతారు. ఆ తేడా ఆయన దగ్గరే తెలిసింది. ముందు మనిషిని నవ్వమనాలి. బుగ్గ ఎక్కడ పొంగుతుందో అక్కడ మొదలుపెట్టి చెవి వైపు తీసుకెళ్లాలి. పెళ్లి సీనుకి కాస్త ధారాళంగా ఉండొచ్చు. ఏడుపు సీనుకైతే బుగ్గల జోలికే పోకూడదు. ముక్కు కొసకి, కళ్ల కింద లేతగా తాకించి వదిలేయాలి. అద్దం ముందు నిలబడి నా ముఖం మీదే ఎన్నిసార్లు చేసి చూసుకున్నానో.

మా జట్టులో ఒక పద్ధతి ఉండేది. కొత్తగా చేరినవాళ్లు స్పాంజీలు కడగాలి. కొన్నాళ్లకు చేతులకీ మెడకీ పూత పూయనిస్తారు. రూజు మాత్రం మాస్టారే అద్దుతారు. ఆ బ్రష్ ఎవరి చేతికిస్తే, వాళ్లు తర్వాతి సినిమాకి సొంతంగా మేకప్ చేయొచ్చని అర్థం. నా చేతికి రావడానికి ఏడేళ్లు పట్టింది. "ఇకమీదట మీకు రూజు మా అమ్మాయే అద్దుతుంది" అని హీరోయిన్‌తో అంటూ ఇచ్చారు. ఆ రోజు టోలిచౌకి వెళ్లి మరీ బిర్యానీ తెచ్చి గదిలో నాతో ఉండే అమ్మాయిలకు పెట్టాను. ఆయనే ఒక నిర్మాతకు నా గురించి చెప్పారు. జూబ్లీహిల్స్‌లో వాళ్ల ఆఫీసుకు వెళ్లి మాట్లాడి వచ్చాను కూడా. "అమ్మా, సినిమాల మేకప్ అని నా పేరు పడతది" అని ఇంటికి ఫోన్ చేసి చెప్పేశాను.

అప్పుడొచ్చింది ఆ చావు సీను. తండ్రి పోయాడని తెలిసి హీరోయిన్ గేటు దగ్గర్నుంచి పరుగెత్తుకొస్తుంది. ఆ పరుగు నెల క్రితమే జూబ్లీహిల్స్‌లో ఒక అద్దె బంగళా ముందు తీశారు. లోపల శవం మీద పడి ఏడవడం మాత్రం స్టూడియోలో సెట్ వేసి తీస్తున్నారు. తెర మీద రెండింటికీ మధ్య రెప్పపాటు కూడా తేడా ఉండదు. పరుగు తీసిన రోజు బుగ్గలకేమీ పెట్టలేదు. ముఖం ఎలా ఉందో గుర్తుండాలని నేను తీసిన ఫోటో ఫోన్‌లోనే ఉంది.

సెట్‌కి హీరోయిన్ జ్వరం నుంచి లేచి వచ్చింది. మాస్టారు ఆమెను ఒకసారి చూసి, హీరో కారవాన్‌లోకి వెళ్లి, అక్కణ్ణుంచి వాట్సాప్‌లో వాయిస్ మెసేజ్ పంపారు: "అమ్మాయి మరీ నీరసంగా ఉందమ్మా. రూజు కాస్త గట్టిగా అద్దు."

నేను ఫోన్ పట్టుకుని పరుగెత్తాను. "సార్, జర గిది చూడుండ్రి. గాడ ఉరికినప్పుడు బుగ్గలకు ఏం పెట్టలే. ఇప్పుడు పెడితే కలువది."

ఆయన ఫోటో వైపు చూడనైనా చూడలేదు. "ముప్పై ఏళ్లుగా ఫోటోలు చూసి చేశానా నేను? చెప్పింది చెయ్యి" అన్నారు. చేశాను.

పది రోజుల తర్వాత ఎడిటింగ్‌లో ఆ రెండు ముక్కలూ కలిపి చూసి డైరెక్టర్ మమ్మల్ని పిలిపించారు. గేటు దగ్గర పాలిపోయి ఉన్న పిల్ల, గడప దాటేసరికి పెళ్లికూతురైపోయింది. తండ్రి శవం మీద పడి ఏడుస్తుంటే బుగ్గలు నిగనిగలాడుతున్నాయి. చూస్తే నవ్వొచ్చేలా ఉంది. సెట్ అప్పటికే విప్పేశారు.

"ఈ బ్లష్ ఎవరు వేశారండీ?" అని అడిగారు డైరెక్టర్.

మాస్టారు నా పక్కనే ఉన్నారు. కాస్తయినా తడుముకోలేదు. "ఈ అమ్మాయేనండీ. ఫోటో చూసుకోమని చెబుతూనే ఉన్నాను. తొందరపడి చేతికి బ్రష్ ఇచ్చాను చూడండి, తప్పు నాదే."

తప్పు నాదే అన్న ముక్కకి డైరెక్టర్ కరిగిపోయారు. "మీరేం చేస్తారండీ" అని ఆయన్నే ఓదార్చారు.

ఫోన్ నా చేతిలోనే ఉంది. ఒక్కసారి నొక్కితే ఆయన గొంతు గదంతా వినిపించేది. ఏడేళ్లు తల్లీ అని పిలిచిన మనిషిని నలుగురిలో తల దించుకునేలా చేయడం నా వల్ల కాలేదు. దాన్ని మంచితనం అనుకున్నాను అప్పుడు. ఇప్పుడైతే నొక్కేదాన్ని.

వారం తిరక్కుండా జూబ్లీహిల్స్ ఆఫీసు నుంచి కబురొచ్చింది. మేకప్‌కి వేరేవాళ్లను చూసుకున్నారట.

ఆ మర్నాడు మాస్టారు ఫోన్ చేశారు. క్షమించమంటారనుకున్నాను. పిచ్చిదాన్ని, అంటే క్షమించేద్దామనే ఫోనెత్తాను.

"ఆ రోజు నీ చేతిలో ఫోన్ చూశానమ్మా" అన్నారు, ఎప్పట్లాగే ఎంతో ప్రేమగా. "నువ్వు వినిపించవని నాకు తెలుసు తల్లీ. అందుకే ధైర్యంగా నీ పేరు చెప్పేశాను. నీ చోట ఇంకెవరైనా ఉంటే చెప్పగలిగేవాణ్ణా?"