వదిన రైలెక్కి వెళ్లిన పరుగు

మా వదినకు కోపమే రాదని లాండ్రీలో అందరూ అంటారు. అదంతా ఉత్త మాట. ముక్కు మీద కోపం నాది. అరిచి, ఎగిరి, ఓ గ్లాసు మంచినీళ్లు తాగితే దిగిపోతుంది. ఆవిడది అలాంటిది కాదు. లోపల దాచుకుని, రోజూ ఇంత తిండి పెట్టి పెంచుతుంది. పైకి మాత్రం ఏమీ తెలియనివ్వదు.

మేమిద్దరం పనిచేసేది ఆసుపత్రి దుప్పట్లు ఉతికే లాండ్రీలో. మా అన్నయ్య అక్కడే వ్యాను నడుపుతాడు. ఉతకడం, ఆరబెట్టడం యంత్రాలు చేస్తాయి గానీ మడత పెట్టడం మాత్రం మనుషుల పనే. దుప్పటికి ఇద్దరు కావాలి. చెరో కొస పట్టుకుని ఒక్కసారి దులిపి, సగానికి మడిచి, ఎదురెదురుగా నడిచొచ్చి అంచుకు అంచు కలపాలి. ఒకరు అడుగు ముందేసినా అంచులు కలవవు, మళ్లీ మొదటికి రావాలి. అందుకే ఆ ఇద్దరినీ మేం జత అంటాం. జత కుదిరితే ఇక ఎవరూ విడదీయరు.

పదకొండేళ్లు వదినకు జతగా ఉన్న మనిషిని పిట్ట అనేవాళ్లం. పిడికెడంత మనిషి, ఒక్కచోట కుదురుగా నిలబడేది కాదు. మా ఇంట్లో ఆవిడకో కంచం, పడుకోవడానికో చాప ఉండేవి. అన్నయ్య వదినతో ఏదైనా చెప్పాలంటే ముందు పిట్టను పక్కకు జరగమనాల్సి వచ్చేది. సిమెంటు నేల మీద పొద్దంతా నిలబడి కాళ్లు వాస్తున్నాయని మొదట పరుగు మొదలుపెట్టింది కూడా వాళ్లిద్దరే. తెల్లవారక ముందే కాలవగట్టు మీద పరిగెత్తి, అటు నుంచి అటే పనిలోకి వచ్చేవాళ్లు. వాళ్లను చూసి మరో పదిమంది బయలుదేరారు. నేనూ నాలుగు రోజులు పరిగెత్తాను. ఐదో రోజు హాయిగా నిద్రపోయాను.

పందేలకు వెళ్లడం మొదలయ్యాక, లాండ్రీలో బాయిలర్ చూసుకునే తాత, మేం బాయిలర్ తాత అంటాం, మాకో నియమం పెట్టాడు. ఎంతసేపు పరిగెత్తుతావో, ప్రయాణం అంతకు మించకూడదు. ఒకసారి అందరూ కలిసి దూరపు ఊరికి వెళ్లి, బస్సులో నలిగి వచ్చి, మర్నాడు దుప్పట్లన్నీ వంకర టింకరగా మడత పెడితే ఆసుపత్రి వాళ్లు బండెడు తిప్పి పంపారు. అప్పటి నుంచి అదే లెక్క. అన్నయ్య నన్ను ఊరికే ఆటపట్టించేవాడు.

"ఈ లెక్కన నువ్వు లోకమంతా తిరగొచ్చే చెల్లీ. నీ పరుగుకి గంటలేం సరిపోతాయి, రోజులు కావాలి."

వదిన, పిట్ట లాంటి వాళ్లకు మాత్రం మా ఊరూ, పక్క ఊరూ, అంతే. నవ్వుకుంటూనే అందరం ఆ నియమం పాటించాం. లాండ్రీ మనిషి పందెం కోసం ఊరు దాటదన్నది మా బుర్రల్లో మేకులా దిగిపోయింది.

ఆరేళ్ల కిందట మా ఊళ్లో జరిగిన పరుగులో ఈ ఇద్దరూ ఆడవాళ్లందరి కంటే ముందున్నారు. చెయ్యీ చెయ్యీ పట్టుకుని, ఒకే అడుగుతో గీత దాటాలని ముందే అనుకున్నారు. ఆఖర్లో పిట్ట వెనకబడింది. వదిన ఆగింది. ఆగి, చెయ్యి చాపింది. గెలుపు నోటి దాకా వచ్చాక ఎవరాగుతారండీ? మా వదిన ఆగింది. పిట్ట పరిగెత్తుకుంటూ వచ్చి, ఆ చెయ్యి అందుకోకుండా, పక్కనుంచి దూసుకుపోయి గీత దాటేసింది.

దాన్నెవడో ఫోటో తీశాడు. ముందు పిట్ట చేతులెత్తి ఎగురుతుంటే, వెనక మా వదిన ఖాళీ చెయ్యి చాపి నిలబడి ఉంది. పరుగు జరిపించే వాళ్లకు ఆ ఫోటో తెగ నచ్చినట్టుంది, పెద్దది చేసి మరుసటి ఏడు మా లాండ్రీ ఎదురుగా ఉన్న బస్టాపులో పెట్టారు. రోజూ దిగడం అక్కడే, ఎక్కడం అక్కడే.

"ఏమ్మా, చెయ్యి చాపావు, ఎవరైనా ఏమైనా వేశారా?" అని ఒక కండక్టర్ అడిగాడు. వాణ్ణి నేను బస్సు కదలకుండా దులిపేశాను. వదిన మాత్రం చిల్లర అందుకుని దిగిపోయింది. నాకైతే ఒళ్లు మండిపోయింది.

ఫోటో మాటకేం గానీ, పందెం అయిన మర్నాడే పిట్ట ఏమీ జరగనట్టు పనిలోకి వచ్చింది. "ఏంటో, కాళ్లు వాటంతటవే పోయాయి" అంది, అదీ నవ్వుతూ. వదిన దుప్పటి కొస అందుకుంది. ఆ రోజంతా ఒక్క మాట లేకుండా మడత పెట్టింది. ఒక్క అంచు తప్పలేదు. సాయంత్రం సూపర్‌వైజర్ దగ్గరికి వెళ్లి, "నా జత మార్చండి" అని ఆ మూడు మాటలే చెప్పింది. లాండ్రీ మొత్తం నోరు వెళ్లబెట్టింది. నెల తిరక్కుండా పిట్ట ఎక్కడో దూరపు ఊళ్లో లాండ్రీలో పని చూసుకుని వెళ్లిపోయింది. పీడ విరగడైందని నేనన్నాను. ఆ రోజు నుంచి వదినకు జత నేనే. నాతో వదినకు రోజూ మళ్లీ మొదటికి రావడమే సరిపోతోంది, అది వేరే సంగతి.

ఆరేళ్లూ వదిన పరుగు మానలేదు, పందెంలో మాత్రం పేరు ఇవ్వలేదు. పొద్దున్నే ఒక్కతే కాలవగట్టు మీదికి పోయేది. ఎందుకు పరిగెత్తుతోందో నాకు తెలుసు. ఎవరూ ఒళ్లు తగ్గడానికి అంత కసిగా పరిగెత్తరు.

ఈ ఏడు మోకాలు మొరాయించింది. మేం దుప్పట్లు ఉతికే ఆసుపత్రిలోనే చూపించుకున్నాం. డాక్టరమ్మ మోకాలు అటూ ఇటూ వంచి చూసి, "ఇంకొక్క గట్టి పరుగు పరిగెత్తగలరేమో. ఆ తర్వాత నడకే" అంది. మందుల గురించి నేను అడుగుతున్నాను గానీ వదిన వినడం లేదు. ఆ ఒక్కటి ఎక్కడ ఖర్చు పెట్టాలా అని ఆలోచిస్తోందని ఆ మొహం చూస్తేనే తెలిసింది.

సరిగ్గా ఆ వారమే బాయిలర్ తాత కూతురింటి నుంచి తిరిగొచ్చాడు. ఆ ఊరూ, పిట్ట ఉండే ఊరూ ఒకటే.

"పిట్ట కనబడిందమ్మా. బస్సు కిటికీలోంచి చూశాను. జుట్టు నెరిసింది గానీ అదే పరుగు. ఈ నెలాఖరు ఆదివారం పందెమట, గట్టిగా తయారవుతోందని మా అల్లుడు చెప్పాడు. వాడిదీ పిట్టదీ ఒకే లాండ్రీ."

నెలాఖరు ఆదివారం మా ఊళ్లోనూ పందెమే. చలికాలం కదా, ఊరూరా అదే గోల. ఆ ఊళ్లో కూడా ఆ రోజేనని తాత గోడ మీద పోస్టరు చూసొచ్చాడట. ఏ పందెం అని మేమెవరం అడగలేదు. అడగాల్సిన పనేముంది? లాండ్రీ మనిషి ఉన్న ఊళ్లోనే కదా పరిగెత్తుతుంది.

ఆ సాయంత్రం వంటింట్లో వదిన ఉల్లిపాయలు తరుగుతూ, వాతావరణం గురించి చెప్పినట్టు చెప్పింది. "నేను ఆ ఊరు వెళ్తున్నానండీ. పందేనికి."

అన్నయ్య తింటున్న కంచం పక్కకు జరిపాడు. "ఏ ఊరు? ఒక రాత్రంతా రైలు, తెల్లారాక మళ్లీ సగం రోజు బస్సు. పరుగేమో గంటలో అయిపోతుంది. మతి ఉండే మాట్లాడుతున్నావా?"

"ఉండే."

"ఇంటి ముందు పందెం పెట్టుకుని అంత దూరం పోతారా ఎవరైనా? తాత పెట్టిన లెక్క ఏమైంది?"

"ఆ లెక్క పరుగు కోసం వెళ్లేవాళ్లకి. నేను పరుగు కోసం వెళ్లడం లేదు."

అన్నయ్య గాలి తీసిన టైరులా మెత్తబడ్డాడు. తర్వాత మెల్లగా బతిమాలే దారిలోకి వచ్చాడు. "వచ్చే ఏడు తనే ఇటు రావచ్చుగా?"

"వచ్చే ఏడు నాకు మోకాలుండదు."

"పోనీ, అంత దూరం పోయి ఓడిపోతే?"

"పక్కన పరిగెత్తి ఓడిపోతాను. తను ఏ పక్కకి చూసినా నేను కనబడాలి. ఐదేళ్ల నుంచి నాకు రోజూ బస్టాపులో కనబడింది కదా."

"వెళ్దాం వదినా, నేనూ వస్తా" అన్నాను.

"నువ్వు నోర్ముయ్. ఆర్పాల్సింది పోయి మంట ఎగదోసేది నువ్వే" అన్నాడు అన్నయ్య. అయినా మర్నాడు టికెట్లు తెచ్చింది ఆయనే. పందెం రోజు మా లాండ్రీ తువ్వాళ్లు వ్యానులో గీత దగ్గరికి చేర్చే పని లేకపోతే తనూ వచ్చేవాడట. ఎవరికీ చెప్పొద్దని వదిన ఆయన చేత ఒట్టు వేయించుకుంది. ముందే తెలిస్తే పిట్ట పేరు వెనక్కి తీసుకుంటుందని ఆవిడ భయం.

రైల్లో వదిన కూర్చుంటే ఒట్టు. కాళ్లు వాస్తాయని పెట్టె ఈ కొస నుంచి ఆ కొస దాకా పచార్లు చేసింది. నడిచిన ప్రతిసారీ దారిలో కాళ్లు చాపుకున్న ఒకాయన విసుక్కుంటూ లేచాడు. నేను మాత్రం పిట్టను ఏమేం చెయ్యాలో తీరిగ్గా వర్ణిస్తూ కూర్చున్నాను. జుట్టు పట్టుకుని ఈడ్వాలన్నాను. పదిమందిలో నిలబెట్టి కడిగెయ్యాలన్నాను.

"జుట్టు జోలికి పోకు" అంది వదిన. "తిట్టొద్దు కూడా. నేను ముందు గీత దాటుతాను. దాటి వెనక్కి తిరిగి నిలబడి, తను వచ్చేది చూస్తాను. అంతే."

"అంతేనా?"

"అంతకంటే ఏం కావాలే?"

ఆ గొంతు విన్నాక నా శాపనార్థాలన్నీ చిన్నపిల్లల దెబ్బలాటలా అనిపించాయి.

ఆదివారం పొద్దున్నే జనం మధ్య ఇద్దరం పిట్ట కోసం వెతికాం. పొట్టిగా ఎవరు కనబడినా ముందుకు దూరి మొహం చూసొచ్చాను. మైకులో అరుస్తున్నాడు, అందరూ తోసుకుంటున్నారు, ఆ సందట్లో కనబడకపోవడం వింతేమీ కాదనుకున్నాం. వదిన ముందు వరసలో చొరబడి నిలబడింది.

ఆ ఊరి పరుగు ఒక వంతెన దాకా వెళ్లి అదే దారిన తిరిగి రావడం. అంటే పోయేవాళ్లు, వచ్చేవాళ్లు ఒకరికొకరు ఎదురు పడాల్సిందే. వదిన తర్వాత చెప్పింది, వంతెన దగ్గర తిరిగినప్పటి నుంచి ఎదురొచ్చే ప్రతి ఆడమనిషి మొహమూ చూసుకుంటూ వచ్చిందట. ఒక్కరూ పిట్ట కాదు. అయినా ఆవిడ వేగం తగ్గించలేదు. పోయేటప్పుడు మగవాళ్ల గుంపు చాటున కంట పడకుండా ముందే పోయుంటుంది, ఇంకో మలుపులో దొరుకుతుంది అనుకుంటూ ఆ ఒక్క మోకాలినీ మొత్తం ఊడ్చిపెట్టి పరిగెత్తేసింది.

గీత దగ్గర నిలబడి నేను చూశాను. ఆడవాళ్లలో మొదటగా వచ్చింది మా వదినే. దాటింది. అనుకున్నట్టే వెనక్కి తిరిగి నిలబడింది. ఒక్కొక్కరే వస్తున్నారు, అందరి మొహాలూ చూస్తోంది. ఎవరో మెడలో పతకం వేస్తే ఈగను తోలినట్టు పక్కకు నెట్టింది. ఆఖరికి కర్రసాయంతో నడిచే ముసలాయన కూడా వచ్చేశాడు. పిట్ట రాలేదు. పిట్ట పనిచేసే లాండ్రీ పేరున్న బనీను వేసుకున్న ఒకామె కనబడితే అడిగాను. "ఆవిడా? నిన్నే ఊరెళ్లింది కదా" అంది.

వదిన ఫుట్‌పాత్ మీద కూలబడింది. మోకాలు అప్పటికే కుండంత అయింది. తడిగుడ్డ చుడుతున్నాను, అన్నయ్య ఫోను. మా ఊళ్లో కూరగాయల లారీలు కదిలితే గానీ రోడ్డు ఖాళీ కాదు కాబట్టి పందెం కాస్త ఆలస్యంగా మొదలుపెడతారు. వెనక ఒకటే అరుపులు వినబడుతున్నాయి. వదిన కూడా వినాలని స్పీకరు పెట్టాను.

"చెల్లీ, పిట్ట ఇక్కడుంది. మన పందెంలో."



"ఆడవాళ్లందరికంటే ముందొచ్చింది. వచ్చి, గీతకి ఒక్క అడుగు ఇవతల ఆగిపోయింది. దాటడం లేదు. జనం అరుస్తున్నారు, మైకాయన దాటమ్మా దాటమ్మా అని మొత్తుకుంటున్నాడు. వెనకాల వాళ్లంతా దాటి పోతున్నారు. మీ వదిన వచ్చేదాకా దాటనని ఒకటే ఏడుపు. చెయ్యి చాపుకుని నిలబడింది. ఆరేళ్ల నుంచి సరిగ్గా నిద్రపోలేదట. ఇక్కడ పరిగెత్తకుండా ఎలా ఉంటుంది, వెనకాల వస్తూ ఉంటుంది అంటోంది. నేను వేసిన ఒట్టు ఒకటుందిగా, మీరెక్కడున్నారో చెప్పలేదు. ఇప్పుడేం చెప్పమంటారు?"

ఆ మనిషిని ఆరేళ్లు దుమ్మెత్తిపోసిన నేను ఏడ్చేశాను. దాటమని చెప్పు వదినా, పోనీలే, అయిపోయిందేదో అయిపోయింది అనాలని గొంతు దాకా వచ్చింది. వదిన నా చేతిలోంచి ఫోను తీసుకుంది.

"ఏవండీ, ఎండగా ఉందా అక్కడ?"

"మాడిపోతోంది. చెప్పు, ఏమనమంటావ్?"

"నేను వచ్చేదాకా దాటనందిగా?"

"అవును."

"వస్తున్నానని చెప్పండి" అంది వదిన. ఫోను పెట్టేసి, నా భుజం పట్టుకుని లేచి నిలబడి, బస్టాండు ఎటని అడిగింది. మా రైలు ఆ రాత్రికి గానీ లేదు, ఊరు చేరేది మర్నాడు పొద్దున.