ఆఖరున దిగే మనిషి

మా మేనేజరమ్మగారు పోయారు. సోమవారం పొద్దున్న నేను ఆటో దిగుతుంటే వాచ్‌మన్ గేటు దగ్గరే చెప్పాడు. "నిద్దట్లోనే ఎల్లిపోనారంటమ్మా" అన్నాడు. అతని చేతిలో తాళాల గుత్తి ఉంది. ఎప్పుడూ ఆవిడ నడుముకి వేలాడే గుత్తి అది. అది చూశాకగానీ నాకు ఏడుపు రాలేదు.

నర్సీపట్నంలో చింతపల్లి వైపు వెళ్ళే రోడ్డు మీద మాది నాలుగంతస్తుల ఆఫీసుల బిల్డింగు. రెండో అంతస్తులో టాక్సు లెక్కలు చూసే ఆఫీసులో నా ఉద్యోగం. బిల్డింగు బాగోగులన్నీ ఆవిడవే. లిఫ్టు, నీళ్ళ మోటారు, జనరేటరు అన్నీ చూసుకునేవారుగానీ, ప్రాణం మాత్రం ఫైర్ అలారం మీదే ఉండేది. నెలనెలా మోగించి చూడాల్సిందే. పొగని పసిగట్టడానికి సీలింగుకి బిగించిన డబ్బాల దుమ్ము దులిపించాల్సిందే. మెట్ల మీద ఎవరైనా పేపరు బండిళ్ళు పేర్చారో, ఆ పూట వాళ్ళకి మూడిందన్నమాటే.

మోగించే ముందు ప్రతి అంతస్తుకీ తనే వెళ్ళి చెప్పేవారు. మోకాళ్ళ నొప్పులు. రెయిలింగు పట్టుకుని పక్కవాటంగా ఎక్కేవారు. కొండ మీద నుంచి కాగితాల పని మీద వచ్చినవాళ్ళుంటే పక్కన కూర్చుని మరీ చెప్పేవారు. "ఇప్పుడో పెద్ద మోత మోగుద్ది. బయపడకండి. అందరితోపాటు బేగి దిగిపోండి, అంతే."

మోగగానే అందరం దిగి గేటు పక్క స్కూటర్ల షెడ్డు దగ్గర నిలబడాలి. ఆవిడ మాత్రం పైనుంచి ఒక్కో గదీ, ఒక్కో బాత్రూమూ తలుపు కొట్టి చూసుకుంటూ వచ్చేవారు. ముందు మెట్ల మీద తాళాల గలగల వినబడేది. తర్వాత మనిషి కనబడేవారు. మా అందరి మొహాలూ ఓసారి చూసి, "అందరూ ఒచ్చీసినట్టే. ఎల్లండి, పనులు సూసుకోండి" అనేవారు. ఆ మాట అనేదాకా ఎవరూ కదలడానికి లేదు.

మా సార్ టీ గ్లాసుతోనే దిగి సణిగేవారు. "మొన్ననే కదండీ ఆఫీసర్లు వచ్చి తనిఖీ చేసి వెళ్ళారు, మళ్ళీ ఏటండీ ఇది?"

"ఆళ్ళు సూసి ఎల్లిపోతారు సార్. ఇక్కడ ఉండీది మనం."

ఈ పట్టుదల ఆవిడకి పుట్టుకతో వచ్చిందేమీ కాదు. అంతకుముందు మా బిల్డింగులో శుక్రవారం వచ్చిందంటే ప్రతి ఆఫీసులోనూ సాంబ్రాణి వేసేవాళ్ళు. ఆ పొగకి అలారం మోగుతోందని, పూజ అయ్యేదాకా ఆ డబ్బాలకి పాలిథిన్ కవర్లు కట్టేవాళ్ళు. ఒక దసరాకి ఆయుధపూజ ఘనంగా చేశాం. కవర్లన్నీ ఆవిడే స్టూలెక్కి కట్టారు. పూజయ్యాక అన్నీ విప్పారు, యూపీఎస్ గదిలోది తప్ప.

కొన్నాళ్ళకి ఆ గదిలోనే బ్యాటరీలు వేడెక్కి పొగలు కక్కాయి. అలారం మోగలేదు. కాలిన వాసన తగిలి వాచ్‌మన్ అరిస్తే అందరం దగ్గుకుంటూ కిందికి పరిగెత్తాం. కింద నిలబడ్డాక తెలిసింది, గదులు ఊడ్చే ముసలమ్మ మాలో లేదని. ఎవరం ఏమీ అనేలోపే మేనేజరమ్మగారు కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని లోపలికి వెళ్ళిపోయారు. బాత్రూమ్‌లో చిక్కుకున్న ఆ ముసలమ్మని చెయ్యి పట్టుకుని దింపుకొచ్చారు.

పొగ తగ్గాక ఆవిడ పైకెళ్ళి కవరు విప్పి తెచ్చారు. అందరి ముందూ చూపించారు. "ఇది కట్టింది నానే. ఇప్పడం మరిసిపోనాను" అన్నారు. దాచుకోవాలనుకుంటే దాచుకోగలరు, అడిగేవాడు లేడు.

మర్నాటి నుంచీ సాంబ్రాణి డాబా మీదకి మారింది. పైకెక్కాలా అని మూతి ముడిచినవాళ్ళకి ఒకటే జవాబు. "దేవుడికి డాబా దూరమేటి? పొగకి మాత్రం మన ముహూర్తాలు తెలీవు."

జీడిపప్పు రోజుల్లో వేయించిన పప్పు కొంగున కట్టి తెచ్చేవారు. మధ్యాహ్నం నా టేబుల్ దగ్గర ఆగి, "తిన్నావేటే?" అని నాలుగు పలుకులు అరచేతిలో పోసేవారు. మా అమ్మ పోయాక నన్ను 'ఏటే' అని పిలిచే మనిషి ఆవిడే. ఇప్పుడు మధ్యాహ్నాలు చాలా పొడుగ్గా ఉంటున్నాయి. ఆవిడ మీద బెంగ ఇంత ఉంటుందని నేను అనుకోలేదు.

పదకొండో రోజున మా అంతస్తు హాల్లో ఆవిడ ఫోటో పెట్టాం. బిల్డింగు బిల్డింగంతా వచ్చింది. మనిషికో అగరుబత్తి. చూస్తుండగానే పొగ కమ్మేసింది. మా సార్ పైకి చూసి, "పది నిమిషాలే కదా, ఓ కవర్ కట్టీరా" అన్నారు వాచ్‌మన్‌తో. పాపం, అతను స్టూలు కూడా తెచ్చాడు.

"వద్దు సార్" అన్నాను. "ఆవిడ ముందరే కడతామా?"

సార్ తలొంచుకున్నారు. వాచ్‌మన్ స్టూలు గోడవారకి జరిపాడు. అలారం మోగింది.

ఎందుకు మోగిందో అందరికీ తెలుసు. మంటా లేదు, ఏమీ లేదు. అయినా అలవాటుగా మెట్లు దిగి షెడ్డు దగ్గరికి వచ్చేశాం. కాసేపటికి మోత ఆగింది. వాచ్‌మన్ కూడా వచ్చి మా వెనక నిలబడ్డాడు. సార్ చేతిలో ఇంకా అగరుబత్తి కాలుతోంది. ఇక లోపలికి వెళ్ళొచ్చు. ఎవరూ కదల్లేదు. ఎవరు చెబుతారని నిలబడ్డామో ఏమో.

ఇంతలో వెనక వాచ్‌మన్ చేతిలో గుత్తి గలగలమంది. అందరం ఒక్కసారే మెట్ల వైపు చూశాం.