గుమ్మం బయట ఆగిన నూకరత్నం

కరోనా సద్దుమణిగిన మరుసటేడు నన్ను కాట్రేనికోన పక్క సముద్రపు ఒడ్డు ఊరొకదానికి వేసేరు. మనస్తత్వ శాస్త్రం చెప్పే ప్రొఫెసరమ్మగారు, ఆవిడ దగ్గర పరిశోధన చేసే శైలజ, నేను వెళ్ళేం. చేపల వేటకెళ్ళి తిరిగిరాని మగాళ్ళ ఇళ్ళలో ఆడవాళ్ళ దుఃఖం ఎలా ఉంటుందన్నది పరిశోధన. నా హోదా ఫీల్డ్ అసిస్టెంటు. అంటే ప్రశ్నలు చదివి వినిపించి, జవాబులు రాసుకునే మనిషి. ముప్పై దాటేక రాత్రిబడిలో అక్షరాలు దిద్దినదానికి ఈ ఉద్యోగం రావడం చిన్న సంగతి కాదు.

ప్రశ్నల కంటే ముందు సమ్మతి పత్రం చదవాలి. మీకిష్టమైతేనే చెప్పండి, మధ్యలో ఆపెయ్యొచ్చు, మీ పేరు బయటికి రాదు అని అందులో ఉంటుంది. అప్పుడు సంతకమో వేలిముద్రో తీసుకోవాలి. అక్షరం రాని రోజుల్లో నేనూ చాలా కాగితాల మీద వేలేసేను. ఎందుకో ఒక్కళ్ళూ చెప్పలేదు. అంచేత చదువుకున్నవాళ్ళంటే నాకు పెద్ద గురి ఉండేది కాదు.

ఊరి పెద్దగారిని మేడమ్ ముందే అనుమతి అడిగేరు. "ఆయ్, దానికేవుందండీ" అని ఆయన ఒప్పుకున్నారు. మేం వెళ్ళిన పొద్దున మైకులో చెప్పించేరు కూడా: మొగుళ్ళు పోయిన ఆడోళ్ళంతా కమ్యూనిటీ హాలుకి రావాలని. అందరూ వచ్చి కూర్చున్నారు. నూకరత్నం ఒక్కతే గుమ్మం బయట ఆగిపోయింది. చేతినిండా గాజులు, నుదుట బొట్టు. పక్కన అత్తగారు.

ఆ ఊళ్ళో శవం ఒడ్డుకి రాకపోతే పెళ్ళాం గాజులు తియ్యరు. నూకరత్నం మొగుడు వేటకెళ్ళి అప్పటికి రెండేళ్ళు.

"లోపలికెళ్ళవే, మేడంగారు ఎంత దూరంనుంచొచ్చేరు!" అని పెద్దగారు కసిరేరు.

అత్తగారు ఊరుకోలేదు. "నీ కొడుకైతే ఇలాగే పిలుద్దువా బావా? మైకెట్టి మరీ నా కొడుకుని చంపేసేవు!"

నేను బయటికెళ్ళి, నీకిష్టమేనా అమ్మా అని నూకరత్నాన్ని అడిగేను. "ఇష్టవేంటక్కా, పెద్దాయన చెప్పేరు కదా. కానీ ఈ గుమ్మం దాటితే నా గాజులు నేనే పగలగొట్టుకున్నట్టు" అంది.

శైలజకి పాపం కంగారు. అనుకున్నంతమంది దొరక్కపోతే పరిశోధన నిలబడదు. నూకరత్నాన్ని విడిగా కూర్చోబెడదామా అని అడిగింది. మేడమ్ వద్దన్నారు. ఆవిడే బయటికొచ్చి, పిలిచిన తీరు నేను ముందే అడిగి తెలుసుకోవలసింది, తప్పు నాదేనమ్మా, ఇంటికెళ్ళండి అని చెప్పేరు. హాల్లో వాళ్ళని కూడా పంపించేసేరు. పిలిస్తేనే ఇంటికొస్తాం, పిలవకపోతే మీ పేరు ఎక్కడా రాయం అన్నారు.

పెద్దగారికి తల కొట్టేసినట్టయింది. "నా మాటకి విలువేముందండీ ఇంక?" అన్నారు. మీ అనుమతితో మేం ఊళ్ళోకి రాగలిగేం, ఆవిడ కష్టం అడగాలంటే మాత్రం ఆవిడే ఒప్పుకోవాలండీ అని మేడమ్ నెమ్మదిగా చెప్పేరు. ఆయన వెళ్ళిపోయేరు. సాయంత్రం అదే మైకులో, ఎవరూ రానక్కర్లేదు, బలవంతం లేదు అని ఆయనే చెప్పేరు. ఆయనకీ నమస్కారమే పెట్టాలి.

తరవాత కొందరు పిలిచేరు, కొందరు పిలవలేదు. నూకరత్నం పిలవలేదు. మొదటి ప్రశ్నలో "మీ భర్త మరణించాక" అన్న మాట మేడమ్ కొట్టేయించి, ప్రశ్నల కాగితాన్ని ఎథిక్స్ కమిటీకి మళ్ళీ పంపేరు. పరిశోధన వల్ల జనానికి హాని జరక్కుండా చూసే పెద్దలు వాళ్ళు. అనుమతి వచ్చేదాకా మాకు పని లేదు. శైలజ చదువు వెనకబడింది. ఆ పిల్ల గొణిగింది గానీ, ఆ ఊరికి మళ్ళీ ఎవరినీ బతిమాలడానికి వెళ్ళలేదు.

నా ఉద్యోగంలో చాలామంది ఆఫీసర్లని చూసేను. జనం ముందు తప్పు నాదని చెప్పి, దానికి తగ్గట్టు పని ఆపేసినావిడ ఈవిడొక్కరే. ఆవిడ దగ్గర పనిచేసినందుకు ఇప్పటికీ కృతజ్ఞురాలిని. ఊరు ఒప్పుకున్నంత మాత్రాన మనిషి ఒప్పుకున్నట్టు కాదని నేర్చుకున్నది అక్కడే. రిటైరయ్యేదాకా మిగిలిన ఆ కొద్దికాలమూ, వేలిముద్ర తీసుకునే ముందు ఎదుటి మనిషి కాదనడానికి తగినంత సేపు ఊరికే కూర్చునేదాన్ని. కొందరు కాదని లేచి వెళ్ళిపోయేవారు. నూకరత్నం మాట్లాడి ఉంటే ఏం చెప్పేదో నాకు తెలీదు. తెలుసుకునే హక్కూ నాకు లేదు.