నేను సరిచేసిన నాపరాళ్లు

ఫోనులో వీడియో చూస్తే చాలు, ఏ పనైనా వచ్చేస్తుందని జనం కొత్తగా నమ్మడం మొదలుపెట్టిన ఆ రోజుల్లో, అందరికంటే గట్టిగా నమ్మినవాణ్ణి నేను. నాకప్పుడు ఇరవై ఆరేళ్లు. నరసరావుపేటలో ఒక ప్రైవేటు కాలేజీలో ఫిజిక్సు చెప్పేవాణ్ణి. పెళ్లై రెండు నెలలైంది. ఆ రెండు నెలల్లోనే కారే కొళాయిని బాగుచేసి అసలు నీళ్లే రాకుండా చేశాను, చప్పుడు చేసే ఫ్యానును బాగుచేసి తిరగకుండా చేశాను. (రెండూ నిశ్శబ్దంగా ఉన్నాయి కాబట్టి నా లెక్కలో రిపేరు అయినట్టే.) మా ఆవిడ ఏమీ అనేది కాదు. వాళ్ల నాన్న తాపీ మేస్త్రి, వెల్దుర్తి చుట్టుపక్కల నలభై ఏళ్లుగా గోడలు కట్టి నేలలు పరిచిన మనిషి. అలాంటి ఇంట్లో పుట్టిన అమ్మాయికి, పని రానివాణ్ణి చూస్తే వేరే చెప్పనక్కర్లేదు.

పెళ్లిలో భోజనాల దగ్గర మామగారు ఎవరితోనో అనడం నా చెవిన పడింది. "కుర్రోడు చానా చదివాడు. చేత్తో ఏం చేస్తాడో ఇంకా తెలీదు." ఆయన మామూలుగానే అని ఉంటారు. నేను మాత్రం ఆ మాటను మోస్తూ తిరిగాను. ఆయన చేత పనికొచ్చే మనిషి అనిపించుకోవాలని ఎంత ఉండేదంటే, ప్రిన్సిపాలు మెచ్చుకున్నా నాకు రుచించేది కాదు. ఇంతలో శనివారం సాయంత్రం మా ఇంట్లో ప్రార్థన కూటమన్నారు చర్చివాళ్లు. కొత్త కాపురం కదా, మామగారు కూడా తొలిసారి మా ఇంటికి వస్తున్నారు. ఆ అద్దె ఇంటి నేలంతా నాపరాళ్లే. ముందుగదిలో గుమ్మం పక్క వరుసలో ఒక రాయి కదిలేది. కాలు వేస్తే టక్కు, తీస్తే టక్కు. "మా నాన్న వస్తున్నాడుగా, చేస్తాడులే. పది నిమిషాల పని" అంది మా ఆవిడ. ఆ మాట అనకపోతే ఆ రాయి జోలికి నేను వెళ్లేవాణ్ణి కాదు.

బుధవారం కాలేజీకి సెలవు పెట్టాను. వీడియోలో చేతులకు తొడుగులు వేసుకున్న ఒకాయన నవ్వుతూ, అప్పడం ఎత్తినట్టు రాయిని ఎత్తి పక్కన పెట్టాడు. మా రాయిని లేపడానికి నాకూ, గునపానికీ, ఇంటి ఓనరు పెద్దమ్మ సలహాలకూ కలిపి గంటన్నర పట్టింది. అది లేచేలోపు దాని పక్కన బుద్ధిగా ఉన్న మూడు రాళ్లు కూడా లేచాయి. "కదిలేది ఒకటేగా నాయనా?" అంది పెద్దమ్మ. "ఇప్పుడన్నీ కదులుతున్నాయి పెద్దమ్మా, వరుసంతా ఒకేసారి చేసేస్తా" అన్నాను. రాళ్ల కింద చూస్తే పాత మేస్త్రి వేసిన అడుగు పొర గుమ్మం వైపుకి కాస్త దిగి ఉంది. ఎంత నిర్లక్ష్యమో అని ఆ అజ్ఞాత మేస్త్రి మీద జాలిపడ్డాను. ఫిజిక్సు చెప్పేవాడి ఇంట్లో వంకర నేల ఉండటానికి వీల్లేదు. ఫోనులో మట్టం చూసే యాప్ ఒకటుంది. అందులో పచ్చ బుడగ నడిమధ్యకు వచ్చేదాకా ఒక్కో రాయినీ తట్టి తట్టి కూర్చోబెట్టాను. ఆరాక సిమెంటు దిగుతుంది, అర అంగుళం ఎత్తుగా వేసుకోమని వీడియో ఆయన చెప్పాడు. వేశాను. (దిగలేదు.) శనివారం దాకా ఎవరినీ తొక్కనివ్వలేదు, మా ఆవిడ పెరటి గుమ్మంలోంచే తిరిగింది. శనివారం పొద్దున్నే కాలు వేసి చూశాను. టక్కు లేదు. "ఎట్లా ఉంది?" అన్నాను. "కడిగితే తెలుస్తది" అంది.

కూటం ఉంటే ఇల్లు కడగాలి. వంటగదిలోంచి బిందెలతో నీళ్లు కుమ్మరించి చీపురుతో తోస్తూ వస్తే, ఆ నీళ్లు ముందుగది దాటి గుమ్మం మూల ఉన్న తూములోంచి వీధి కాలవలో పడతాయి. ఇల్లు కట్టినప్పటినుంచీ పడుతున్నాయి. ఆ రోజు నా వరుస దాకా వచ్చి ఆగాయి. మా ఆవిడ ఇంకో రెండు బిందెలు పోసింది. చీపురు ఆపి ముందు నీళ్ల వైపు, తర్వాత నా వైపు చూసింది. నీళ్లు కాసేపు ఆలోచించుకుని, పక్కనే ఉన్న పడకగదిలోకి నడిచాయి. అక్కడ గోడవార బియ్యం బస్తా, దాన్ని ఆనుకుని నా ఫిజిక్సు పుస్తకాల అట్టపెట్టె ఉన్నాయి. బస్తాను చెరోవైపు పట్టుకుని మంచం మీదికి ఎక్కించి బయటికొచ్చేసరికి, మామగారు మిరపకాయల సంచీతో గుమ్మంలో నిలబడి ఉన్నారు.

ఆయన లోపలికి రాలేదు. గుమ్మం బయటే గొంతుక్కూర్చుని, నా వరుస మీద అరచెయ్యి ఆనించి ఈ చివర నుంచి ఆ చివరకు పోనిచ్చారు.

"ఎవరు పరిచారు?"

"నేనే మావయ్యా. ఫోనులో మట్టం చూసి పరిచాను."

"మట్టం బానే ఉంది. వెంట్రుకవాసి తేడా లేదు" అన్నారు. నా గుండె ఒక్క క్షణం పొంగింది. "అంత మట్టంగా, పైగా ఎత్తుగా ఉంటే నీళ్లు ఏడకి పోతాయి?"

ఆ ప్రశ్నకు జవాబు నాకు వచ్చు. క్లాసులో బొమ్మ గీసి మరీ చెప్పేవాణ్ణి. ఇప్పుడు మాత్రం చీపురు అందుకుని నీళ్లను తూము వైపు తోయసాగాను.

"నేలకి తూము వైపు వాటం ఉండాల అల్లుడుగారూ. అది మన కంటికి కనపడకూడదు, నీళ్లకి కనపడాల. పాతోడు పెట్టిన వాటాన్ని మీరు తీసేశారు."

"నాన్నా, ఆరింటికి కూటం" అంది మా ఆవిడ. ఆయన చొక్కా విప్పి మేకుకు తగిలించి గునపం అడిగారు. నేను ఇసుకా సిమెంటూ కలుపుతూ కూర్చున్నాను. సిగ్గుతో తల ఎత్తలేదు. సాయంత్రానికి వరుస దాని చోటికి అది చేరింది కానీ, పచ్చిది తొక్కకూడదు కాబట్టి వచ్చిన ముప్పైమందీ పెరటి గుమ్మంలోంచి దూరి, వంటగదిలో సాంబారు గిన్నె పక్కనుంచి ఒకరి వెనక ఒకరు నడిచి వచ్చారు. ఈ ఇంట్లో కదిలిపోయినవన్నీ స్థిరపరచమని పాస్టరుగారు ప్రార్థించారు. (ఆయనకు విషయం తెలియదు.) ఆమెన్ అని అందరికంటే గట్టిగా అన్నది మా ఆవిడ. మామగారు భోంచేసి, నా పని గురించి ఒక్క ముక్క మాట్లాడకుండా బస్సెక్కి వెళ్లిపోయారు. నాలుగు తిట్టినా బాగుండేదనిపించింది.

పదిహేను రోజుల తర్వాత ఫోను చేశారు. "రెండో శనివారం మీకు సెలవేగా? ఇక్కడ ఒక వరండా పరుస్తన్నా. మట్టం దారం అవతలి కొస పట్టుకునే మనిషి కావాల." మొదటి బస్సుకే వెళ్లాను. పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఎండలో దారం పట్టుకున్నాను. "దించండి" అన్న మనిషి మధ్యాహ్నానికి "దించు" అనడం మొదలుపెట్టారు. అంతకంటే ఏం కావాలి. ఇంటికొచ్చి మా ఆవిడతో, నేను వెళ్లకపోతే ఇవాళ ఆ పని ఆగిపోయేదని చెప్పాను. "అవునంట, నాన్న కూడా అదే అన్నాడు" అంది.

చాలా ఏళ్లకు, ఏదో మాటల్లో ఆమే అసలు సంగతి చెప్పింది. ఎప్పుడూ దారం పట్టే మనిషి ఆ రోజు కూడా వచ్చాడట. మామగారే అతనికి టిఫిను పెట్టించి, ఇవాళ నువ్వు వద్దులే అని ఇంటికి పంపేశారట. ఇప్పుడు ఆ కుర్ర మాస్టారిని తలుచుకుంటే నవ్వొస్తుంది, కొంచెం ముద్దు కూడా వేస్తుంది. భుజాలు పీకుతున్నా చెయ్యి దించకుండా, ఆ వరండా అంతా తన వేళ్ల మీదే నిలబడి ఉందనుకున్నాడు. సంగతి ఆ రోజే తెలిసి ఉంటే, దారాన్ని అంత బిగించి పట్టుకునేవాడు కాదు.