రైఫిల్‌లో కొబ్బరినూనె

నా చిన్నప్పుడు మా ఇంట్లో ఏది మొరాయించినా ముందు ఓ చుక్క నూనె వేసేవారు. తలుపు కిర్రుమంటే నూనె, కుట్టుమిషను బిగుసుకుంటే నూనె, చెరువు గట్టు మీద మోటారు అరిస్తే నూనె, పిల్లలు విసిగిస్తే వాళ్ళ నడినెత్తిన నూనె. మాది భీమవరం దగ్గర పల్లెటూరు. వరిచేలు తవ్వించి రొయ్యల చెరువులు వేసినవాళ్ళలో మా నాన్నగారు మొదటి వరసలో ఉండేవారు. ఆయన జేబులో పెన్ను ఉన్నా లేకపోయినా స్కూటరు డిక్కీలో చిన్న నూనెడబ్బా మాత్రం తప్పకుండా ఉండేది. ఇదంతా ముందే ఎందుకు చెబుతున్నానంటే, తర్వాత నేను చేసిన ఘనకార్యానికి కాస్తయినా నా తరఫున సాక్ష్యం ఉండాలి కదా.

మా చిన్నత్త, అంటే నాన్నగారి ఆఖరి చెల్లెలు, అప్పట్లో మా ఇంట్లోనే ఉండి భీమవరంలో డిగ్రీ చదువుకునేది. కాలేజీలో ఎన్‌సీసీలో చేరి తుపాకీ పట్టడం నేర్చుకుంది. ఆమెకు నేర్పిన మాస్టారు రిటైరవుతూ తన ఎయిర్ రైఫిల్ని వాడుకోమని ఆమె చేతికిచ్చారు. చెరువు మీద వాలే పక్షుల్ని బెదిరించే తుపాకీ కాదది. పది మీటర్ల దూరంలో కాగితం మీద ఉన్న చిన్న చుక్కను కొట్టే పోటీ తుపాకీ. అందులో మందుగుండు ఉండదు. గొట్టం కింద ఇంకో గొట్టం, దాన్నిండా బిగించి నింపిన గాలి. ఆ గాలే గుండును తోస్తుంది. గాలి నింపుకోవడానికి ఓ సిలిండరు కూడా మాస్టారే ఇచ్చారు. అది ఖాళీ అయితే కాకినాడ వెళ్ళి, రేవులో నీళ్ళ అడుగున పనిచేసేవాళ్ళు వాడే గాలినే నింపించుకుని రావాలి.

చెల్లెలు రైఫిల్ పట్టుకుంటే నాన్నగారికి ఏ అభ్యంతరమూ లేదు. ఎదురుపడిన ప్రతివాళ్ళకీ ఆ సంగతి చెప్పుకుని మురిసిపోయేవారు కూడాను. ఆయన బెంగల్లా అది పరాయివాళ్ళ వస్తువనే. "మాస్టారు నమ్మి ఇచ్చారమ్మా. దానికేమైనా అయిన రోజున మారుమాట లేకుండా తిరిగిచ్చేద్దాం" అని మొదటి రోజే అనేశారు. అత్త సరేనంది. మా నాన్నగారు ఒక మాట అన్నారంటే అది రాసి సంతకం పెట్టినట్టే.

ఆ రైఫిల్‌కి ఒక జబ్బు ఉండేది. కాసేపు ఊరుకుని పేలిస్తే మొదటి గుండు చుక్కకు పైన తగిలేది. ఆ తర్వాతవి బుద్ధిగా చుక్కలోకే వెళ్ళేవి. తప్పంతా లోపలున్న రెగ్యులేటర్‌దని అత్త కనిపెట్టింది. గ్యాసుబండకు ఉన్నట్టే దానికీ ఒకటుంటుందట. కాలవ నిండా నీళ్ళున్నా తూము ఎత్తినంతవరకే చేలోకి వస్తాయే, అలా లోపల ఎంత గాలి ఉన్నా గుండుకు కావలసినంతే వదలడం దాని పని. ఇదేమో ఊరుకున్నకొద్దీ కొంచెం కొంచెం ఎక్కువ గాలి వదులుతోంది. ఆదివారం రాజమండ్రిలో పోటీ. అందులో నెగ్గితే రాష్ట్రం జట్టులోకి పిలుస్తారు. పోటీలో మొదటి గుండు కూడా లెక్కే మరి.

అందుకని శనివారం పొద్దున్నే అత్త వెనక వరండాలో పాత పేపరు పరిచి రెగ్యులేటర్ విప్పింది. అందులోంచి చిన్న చిన్న ఉక్కు బిళ్ళలు వచ్చాయి. మధ్యలో చిల్లు, కొద్దిగా మూకుడులా వంపు. ఒకటి బోర్లా, ఒకటి వెల్లకిలా పేరిస్తే అన్నీ కలిసి స్ప్రింగులా పనిచేస్తాయట. వాటి పేర్పు మార్చి, వచ్చే ఒత్తిడిని కొంచెం తగ్గించాలని ఆమె ఆలోచన. అన్నిటినీ శుభ్రంగా తుడిచి వరసగా పెట్టింది. పక్కన నల్లటి రబ్బరు రింగులు. ఇంతలో అమ్మ తలంటుకు పిలిచింది. "అమ్మలూ, నేను వచ్చేదాకా ఇక్కడ కాపలా ఉండు. కాకులూ కోళ్ళూ రానివ్వకు. నువ్వు మాత్రం ముట్టుకోకు" అని చెప్పి అత్త వెళ్ళింది.

అప్పటికే నా తలకు అమ్మ నూనె పెట్టింది. నూనె గిన్నె అరుగు మీదే ఉంది. నేను కాపలా కాస్తూ ఆ బిళ్ళల్ని చూశాను. పాపం, ఎండిపోయినట్టు కనిపించాయి. మా ఇంట్లో పుట్టిపెరిగిన పిల్లకు అంతకంటే ఏం తోస్తుంది! గిన్నెలో వేలు ముంచి ఒక్కో బిళ్ళకూ, ఒక్కో రింగుకూ నూనె పూశాను. మరీ జిడ్డుగా ఉందనిపించి పరికిణీతో తుడిచాను. తళతళా మెరిశాయి. ఏది ఎటు తిరిగి ఉందో గుర్తుపెట్టుకుని మళ్ళీ అలాగే పెట్టానని ఎంత గర్వపడ్డానో చెప్పలేను. రేపు అత్త గెలిచి వచ్చాక ఈ రహస్యం బయటపెడదామనుకున్నాను.

అత్త వచ్చి ఒక బిళ్ళను చేతిలోకి తీసుకుంది. వేళ్ళ మధ్య రాసి చూసింది. వాసన చూసింది. "వీటిని ముట్టుకున్నావా?" అని అడిగింది. గొంతులో కోపమేమీ లేదు. ఊరికే అడిగింది. ముట్టుకోవద్దన్న మాట మాత్రం నాకు గుర్తొచ్చింది. లేదన్నాను. ఎంత తేలిగ్గా అన్నానో తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకు ఒళ్ళు మండుతుంది. ఆ రోజు ఇంట్లో అందరి తలలకూ కొబ్బరినూనే. ఆ జిడ్డు తన చేతులదేనేమో అనుకుంది అత్త. మళ్ళీ సబ్బుతో చేతులు కడుక్కుని వచ్చి, తను పట్టుకున్న ఆ ఒక్క బిళ్ళనీ శుభ్రంగా తుడిచి, రెగ్యులేటర్ బిగించేసింది.

తర్వాత సిలిండరుకూ రైఫిల్‌కూ మధ్య సన్నటి గొట్టం తగిలించింది. ఎప్పటిలాగే నన్ను నీళ్ళ గాబు దగ్గరికి వెళ్ళి నిలబడమంది. వెళ్ళాను. ఎప్పుడూ అడగని దాన్ని ఆ రోజెందుకో అడిగాను, అంత దూరం దేనికని. గొట్టం బిగింపు చూసుకుంటూనే అత్త చెప్పింది. "లోపల నూనె మరక ఉందనుకో, ఇంత ఒత్తిడిలో గాలి మీద పడితే అంటుకోవచ్చు. మీ నాన్నగారి డీజిలింజన్లో ఎవరైనా అగ్గిపుల్ల గీస్తారా? గాలిని గట్టిగా నొక్కితే చాలు, ఆ వేడికే మండుతుంది. ఇది పేలిందంటే ముందు పోయేది నా మొహమే. అందుకే నూనె అంటితే అంత భయం నాకు."

చెప్పెయ్యాలనుకున్నాను. ఒక అబద్ధం చెప్పేశాక నిజం చెప్పాలంటే రెండు తప్పులు ఒప్పుకోవాలి. పదకొండేళ్ళ పిల్లకు అది కొండంత బరువు. అత్త సిలిండరు మీద చెయ్యి వేసింది. నాకు తెలియకుండానే నడిచి వెళ్ళి ఆమె పక్కన నిలబడ్డాను.

"దూరంగా ఉండమన్నానా?" అంది. కదల్లేదు. "ఏంటే, చెబితే వినవా?" అని విసుక్కుంది. ఆమె ఓణీ అంచు పట్టుకున్నాను. అప్పుడు తలెత్తి నా మొహం చూసింది. సిలిండరు మీంచి చెయ్యి తీసేసింది. ముందు గొట్టం ఊడదీసి పక్కన పెట్టింది. ఆ తర్వాత, "ఏం పూశావు?" అని అడిగింది.

"కొబ్బరినూనె."

"అన్నిటికీనా?"

తలూపాను. అత్త అలాగే నేల మీద కూలబడిపోయింది. కొడుతుందనుకుని కళ్ళు మూసుకున్నాను. నన్ను దగ్గరికి లాక్కుని, "నూనె సంగతి తర్వాత. పేలుతుందని చెప్పాక కూడా నా పక్కకి ఎందుకొచ్చావే పిచ్చిదానా?" అంది. నేను బావురుమన్నాను.

మధ్యాహ్నం అందరం భోజనాలకు కూర్చున్నాం. రేపు ఎన్నింటికి బయల్దేరాలమ్మా అని నాన్నగారు ఉత్సాహంగా అడిగారు. వెళ్ళడం లేదని అత్త చెప్పింది. రెగ్యులేటర్‌కి నూనె తగిలిందనీ, అన్నీ విప్పి కడిగి రింగులు మార్చాలనీ, రేపటికి అయ్యే పని కాదనీ చెప్పి, "నా పొరపాటే అన్నయ్యా" అంది. నాన్నగారు గ్లాసు ఎత్తి మంచినీళ్ళు తాగారు. తర్వాత, "మనం ఒక మాట అనుకున్నాం కదమ్మా" అన్నారు. "అనుకున్నాం" అంది అత్త. "అయితే సోమవారం వెళ్ళి మాస్టారికి ఇచ్చేసి వద్దాం." అత్త సరేనంది. అమ్మ ఏం చెయ్యాలో తోచక అందరి కంచాల్లో ఇంకాస్త పప్పు వడ్డించింది.

నేను ఎదురుచూస్తున్నాను, అత్త ఇప్పుడు నా వైపు చూస్తుందని. ఒక్క చూపు చాలు, నాన్నగారికి అర్థమైపోతుంది, రైఫిల్ ఆమెకు దక్కుతుంది. ఆమె చూడలేదు. అన్నం కలుపుకుంటూ, ఆవకాయ ముక్క పక్కకు తీసి పెట్టుకుంటూ, తన కంచంలోకే చూసుకుంటూ ఉంది. అడ్డుగా పడ్డ జుట్టును ఎడమ చేత్తో వెనక్కి తోసుకుంది గాని, తల మాత్రం నా వైపు తిప్పలేదు.

"నేనే పూశాను నాన్నగారూ" అన్నాను. "ముట్టుకున్నావా అని అత్త అడిగితే లేదని అబద్ధం కూడా చెప్పాను."

నాన్నగారి చెయ్యి కంచంలోనే ఆగిపోయింది. ఎందుకు పూశావని అడిగారు. ఎండిపోయినట్టు కనిపించాయండి అన్నాను. "దాన్ని అక్కడ కూర్చోబెట్టింది నేనేగా అన్నయ్యా" అని అత్త అడ్డొచ్చింది. నాన్నగారు ఆమె వైపు చూశారు, నా వైపు చూశారు, భోజనం ముగించారు. చేతులు తుడుచుకుంటూ గుమ్మం దగ్గర ఆగి అన్నారు: "సోమవారం మాస్టారి దగ్గరికి వెళ్దాం. ఇచ్చేయడానికి కాదులే, పాడుచేసింది నువ్వు కాదుగా. దగ్గరుండి బాగుచేయించుకొద్దాం. ఈవిడగారిని కూడా తీసుకురామ్మా, ఏం జరిగిందో ఆయనకి తనే చెబుతుంది."

చెప్పాను. మాస్టారు నవ్వారు గాని, నాకు మాత్రం ఆ రోజు నవ్వు రాలేదు. రైఫిల్ అత్త దగ్గరే ఉండిపోయింది. ఆ ఏటి పోటీ మాత్రం పోయింది. మరుసటి ఏడు రాజమండ్రి వెళ్ళింది, బాగానే కొట్టింది, కానీ జట్టులోకి రాలేదు. ముందు ఏడు వెళ్ళుంటే వచ్చేదేమో. ఆ మాట ఆమె ఇన్నేళ్ళలో ఒక్కసారీ అనలేదు. నేనే అనుకుంటూ ఉంటాను.

ఇప్పుడు మా ఇంట్లో పిల్లలందరికీ నేను పెద్దమ్మను. నలుగురు పిల్లలున్న ఇల్లు, ఏదో ఒకటి విరుగుతుంది, పగులుతుంది, మాయమవుతుంది. ఎవరి పని అని పెద్దవాళ్ళు అడిగేసరికి, ఎవరి మొహం పాలిపోయిందో చాలాసార్లు నాకు ముందే తెలిసిపోతుంది. నేను అటు చూడను. చేతిలో ఉన్న పని చూసుకుంటూ కూర్చుంటాను. వాళ్ళు కొన్నిసార్లు చెబుతారు, కొన్నిసార్లు చెప్పరు. చెప్పనప్పుడు అడిగెయ్యాలని నాలుక చివరిదాకా వస్తుంది, నాకసలే ఓపిక తక్కువ. అయినా ఆగుతాను. ఆ రోజు అత్త నా వైపు చూసుంటే నేను దొరికిపోయేదాన్ని. చూడలేదు కాబట్టి చెప్పగలిగాను.