పరీక్షించకుండా పెట్టిన టిక్కు

నాలుగేళ్లుగా ఒక టిక్కు మార్కు నా గొంతుకు అడ్డంపడి ఉంది. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

ఎక్కడెక్కడివాళ్లో కలిసి ఉచితంగా తయారుచేసే ఒక ఆపరేటింగ్ సిస్టమ్‌కు నేనూ పనిచేస్తాను. కొత్త కంప్యూటర్ల మీదే కాదు, పాత ముప్పైరెండు బిట్ల వాటి మీద కూడా అది నడవాలి. కొత్త వెర్షన్ విడుదలకు ముందు ఒక్కో రకం చిప్ మీద ఒక్కొక్కరు నడిపి చూసి టిక్కు పెట్టాలి. పాతదాని బాధ్యత నాది. అడిగి మరీ తీసుకున్నాను.

ఆసారి అమీర్‌పేటలో నా గదిలో ఉన్న పాత మెషిన్ పాడైంది. బాగుచేయించడానికి బద్ధకం. పాత మెషిన్‌లా నటించే సాఫ్ట్‌వేర్ ఒకటి ఉంటే, దానితో నా కొత్త ల్యాప్‌టాప్‌లోనే నడిపాను. నడిచింది. 'నిజమైన మెషిన్ మీద పరీక్షించాను' అన్న గడిలో టిక్కు పెట్టి టీ తాగడానికి వెళ్లాను.

ఆ వెర్షన్‌లో పాత చిప్‌కు అర్థంకాని ఆదేశం ఒకటి చేరింది. కొత్త చిప్‌కు ఆ ఆదేశం తెలుసు కాబట్టి ల్యాప్‌టాప్‌లో అది బయటపడలేదు. బయటపడింది ప్రభుదాస్ అన్న దగ్గర. ఆయన యూసుఫ్‌గూడ చర్చి హాల్లో, ఎవరో పారేసిన ఎనిమిది కంప్యూటర్ల మీద ఇళ్లలో పనిచేసే ఆడవాళ్లకు టైపింగ్ నేర్పేవాడు. వాటిలో ఈ సిస్టమ్ వేసిచ్చింది నేనే. అప్‌డేట్ చేయమన్నదీ నేనే.

"ఎనిమిదీ ఒక్కసారే బందైనయి తమ్మీ. నేనే ఏదో తప్పు నొక్కిన కావచ్చు. గా కంప్లయింట్ పేజీ ఉంటదన్నవ్ గద, అండ్ల రాయాల్నా?"

"ఏం రాస్తవన్నా? మస్తు పాతయి. వాటి ఆయుష్షు గంతే."

నమ్మాడు. పాత వెర్షన్ మళ్లీ వేస్తే ఎనిమిదీ లేచేవి. వేస్తే తప్పు ఎవరిదో కూడా తేలేది, అది నాకు ఇష్టంలేదు. క్లాసు మూతపడింది. అక్కడే నేర్చుకుంటూ, పంజాగుట్టలో ఒక ఆసుపత్రి కౌంటర్ ఉద్యోగానికి టైపింగ్ పరీక్ష రాయాల్సిన సునీత, పరీక్షకే వెళ్లకుండా ఇంకా అంట్లు తోముతోంది.

ఏడాది తిరక్కుండానే పాత చిప్‌లను వదిలేద్దామని మా వాళ్లలో చర్చ వచ్చింది. 'ఒక్క ఫిర్యాదూ రాలేదు, అంటే వాడేవాళ్లే లేరు' అని ఒకడు రాశాడు. ఎంత పొగరు! ఏనాడైనా ఒక పాత కంప్యూటర్ ముందు కూర్చున్నాడా వాడు? పళ్లు నూరాను. తర్వాత 'సరే' అని నేనూ రాశాను. వాడి మీద నాకు కోపమెందుకు? వాడికి తెలియదు. నాకు తెలుసు, సిగ్గులేని వెధవను నేను.

ప్రభుదాస్ అన్న మెట్రో స్టేషన్ దగ్గర కనిపిస్తే ఇప్పటికీ నవ్వుతాడు. "గా కంప్యూటర్లు నేనే ఖరాబ్ చేసిన" అంటాడు. క్షమించమని మిమ్మల్ని అడగను, ఆ హక్కు మీది కాదు. ఇది ఒకచోట రాసిపెట్టాలి, అంతే.

ఫిర్యాదు ఒకటి వచ్చింది. నా దగ్గరికే వచ్చింది. నేనే రాయనివ్వలేదు.