దారం వెళ్ళాలి, కాలు కాదు

మా వీధి కుట్టు టీచరుగారు ప్రభువునందు నిద్రించారని పోయినవారం వాళ్ళ సంఘంవాళ్ళు వాట్సాప్‌లో కార్డు పంపారు. క్లాసు ముగించుకుని స్టాఫ్‌రూములో కూర్చున్నప్పుడు చూశాను. తెల్లచీరలో ఆవిడ ఫొటో, చుట్టూ పూలు, కింద నాలుగు వాక్యాలు. మిషన్ స్కూల్లో ఎందరో ఆడపిల్లలకు కుట్టుపని నేర్పారు. ప్రార్థనాపరురాలు. మృదుభాషి. ఆఖరి వాక్యం ఇది: "తీరిక వేళల్లో చేపలు పట్టడం వారికి సరదా."

ఏడుపు రావలసినచోట కోపం వచ్చింది. మృదుభాషి అన్నది పోనీలే అనుకోవచ్చు. ఆవిడ వీధిలో కేకేస్తే మా పెరట్లో కోళ్ళు లేచి పరుగెత్తేవి. మన దగ్గర పోయిన ఆడవాళ్ళంతా మృదుభాషులే అవుతారు. కానీ ఈ సరదా ఏమిటి? రాసినవాళ్ళు మంచి మనసుతోనే రాసి ఉంటారు, ఒక్క మాట పట్టుకుని నేనే ఎక్కువ చేస్తున్నానేమోనని రెండు రోజులు నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. మనసు సర్దుకోలేదు. అందుకే ఇది రాస్తున్నాను.

మాది దాచేపల్లి వైపు. సున్నపురాయి తవ్వి వదిలేసిన క్వారీ గుంటలు ఊరి పక్కనే ఉన్నాయి. వానలకు నిండి చెరువులయ్యాయి. ఎవరో ఎప్పుడో చేపపిల్లల్ని వదిలారు. సెలవొస్తే లారీ డ్రైవర్లు, ఫ్యాక్టరీ కార్మికులు, మిరపకాయల టిక్కీ బస్తాలు మోసే కూలీలు గాలాలు పట్టుకుని అక్కడే ఉంటారు. గట్టు పక్కనంతా ఉత్త రాయి, చేపకు మేత ఉండదు. బొచ్చె చేపలు నడిమధ్యన తిరుగుతాయి. ఎర అంతదూరం పోకపోతే మనిషేం చేస్తాడు? నీళ్ళలో మునిగిన రాతిమెట్టు మీదికి ఒక అడుగు దిగుతాడు. అప్పటికీ అందకపోతే ఇంకో అడుగు. ఆ మెట్లు పాచిపట్టి ఉంటాయి. అవి అయిపోయాక తాటిచెట్టంత లోతు.

టీచరుగారి భర్త క్వారీలో డ్రిల్లింగ్ పని చేసేవారు. నేను టెన్త్‌లో ఉండగా ఒక ఆదివారం, ఆరాధన అయ్యాక గాలం తీసుకుని వెళ్ళి, పక్కనున్నవాళ్ళు చూస్తుండగానే ఆ రెండో అడుగు వేసి మునిగిపోయారు. సాయంత్రానికల్లా ఊరు తీర్పు చెప్పేసింది. "తాగి పడ్డాడంట." అంతే. ఇక ఎవరూ ఏమీ ఆలోచించనక్కర్లేదు.

ఆలోచించింది ఆవిడొక్కరే. నెల తిరక్కముందే మా ఇంటికొచ్చి, వరండాలో పోసిన పత్తిలోంచి చిటికెడు తీసుకున్నారు. నన్నూ వాళ్ళింటికి రమ్మన్నారు. కుట్టుమిషను పక్కన బల్లమీద ఆయన గాలం కర్ర ఉంది. కర్ర పొడవునా వరసగా రింగులుంటాయి. విసిరినప్పుడు రీలులోని దారం వాటిలోంచే పరుగెత్తాలి. ఆవిడ పత్తిని పలచగా సాగదీసి ఒక్కో రింగులోంచి లాగారు. మొదటివాటిలోంచి మెత్తగా జారిపోయింది. కొసనున్న రింగులో తట్టుకుంది. తెల్లటి పీచు అక్కడే నిలిచిపోయింది.

"కనపడిందా అమ్మాయ్? కంటికి ఆనని పగులు. విసిరిన ప్రతిసారీ దారాన్ని పట్టుకుని వెనక్కి లాగింది. ఇక ఈ దారం చూడు, ఏనుగుని కట్టెయ్యొచ్చు. రీలు మీదనుంచి చుట్టలు చుట్టలుగా ఊడొచ్చి రింగు మూతి దగ్గర కొట్టుకుంటుంది. ఈయన చెయ్యి ఎంత బలంగా విసిరితే మాత్రం ఏం లాభం?"

చాలా ఏళ్ళ తర్వాత, నోరు ఆపుకోలేక, అడగకూడనిది అడిగాను. "టీచరుగారూ, ఆయన నిజంగానే తాగలేదా?"

ఆవిడ చేతిలో పని ఆపలేదు. "తాగారో లేదో నాకు తెలీదమ్మా. రింగు పగిలిందని తెలుసు. తాగినవాడైనా సరే, దారం దూరం వెళ్తే కాలు ముందుకెయ్యడు కదా."

ఊరు ఒక్కరోజులో తేల్చేసిన విషయం మీద ఆవిడ బతుకంతా పనిచేశారు. ఎవరి గాలమైనా ఆ బల్లమీదికి రావలసిందే. పాత రింగులు ఊడదీసి, రీలుకు దగ్గర్లో పెద్ద మూతి ఉన్నది పెట్టేవారు, గిరగిరా తిరుగుతూ వచ్చే దారం అందులోకి సర్దుకోవడానికి. అక్కణ్ణుంచి కొసదాకా చిన్నవి, ఇంకా చిన్నవి. ప్రతి రింగు కాళ్ళనూ పట్టుదారంతో కర్రకు బిగించి చుట్టి, దారం కొసను చుట్ల కిందికే లాగి దాచి, పైన వార్నిష్ పూసేవారు. ఎక్కడా ముడి ఉండేది కాదు. "ముడేసింది కుట్టు కాదమ్మా, బద్ధకం" అనేవారు. ఆ బిగింపుల్ని చూసి మగవాళ్ళు "ఏ కంపెనీదిరా ఇది?" అని ఒకరినొకరు అడుగుతుంటే నేను విన్నాను. టీచరమ్మ చేసిందని ఎవరూ చెప్పలేదు.

క్వారీ దగ్గరికి పొద్దున్నే వెళ్ళేవారు. చెంగు నడుముకు దోపి, అంచుకు నాలుగడుగుల ఇవతల సున్నంతో గీత గీసేవారు. ఆవిడ బాగుచేసిన గాలం పట్టినవాడు దాని వెనకే నిలబడాలి, అదొక్కటే షరతు. ఒకసారి కొత్త రాడ్డు కొన్న లారీ డ్రైవరు ఒకడు అందరికీ వినపడేట్టు ఎకసెక్కమాడాడు.

"ఏంది టీచరమ్మా, ఇంత వెనకనుంచి విసిరితే నాకు తొండలు పడతాయి గానీ చేపలు పడతాయా?"

"ఇటు తేరా. ఏం దారం ఇది?"

"లావుదండీ! ఎంత బొచ్చె పడినా తెగదు."

"పడితే కదరా తెగడానికి! టిక్కీ కుట్టే పురికొసతో రవికె కుట్టిస్తే మీ ఆవిడ తొడుక్కుంటదా?"

గట్టంతా నవ్వింది. ఆవిడ నవ్వలేదు. ఆ దారం మొత్తం ఊడదీసి, సన్నటి అల్లిక దారం వాడిచేతే ఎక్కించారు. "నిండా చుట్టరా, పిసినారీ. సగమే చుడితే దారం రీలు అంచు ఎక్కి దిగాలి, నీ బలం అక్కడే చస్తది. అట్లాగని పొర్లేదాకా చుట్టకు, చిక్కుపడుద్ది. ఇది సన్నంగా ఉన్నా రంపం లాంటిది, నాసిరకం రింగుని కోసేస్తది. అప్పుడప్పుడూ పత్తి పెట్టి చూసుకో."

గీత వెనకనుంచి విసిరాడు. దారం సన్నగా ఈల వేసుకుంటూ పోయింది. దారం కొసన కట్టిన సీసపు గుండు నడిమధ్యన ఎక్కడో చిన్న చుక్కలా పడింది. వాడు నోరు తెరుచుకుని నిలబడ్డాడు.

"అదీ. దారం వెళ్ళాలిరా, కాలు కాదు."

నేను ఫిజిక్స్ ఎం.ఎస్సీ. చదివొచ్చిన కొత్తలో, నలభై ఐదు డిగ్రీల కోణంలో విసిరితే ఎక్కువ దూరం పోతుందని ఆవిడకు పాఠం చెప్పబోయాను. "మీ లెక్కలో గాలి ఉందా అమ్మాయ్? రింగులున్నాయా?" అని అడిగారు. లేవు. వాటిని లెక్కలోకి తీసుకోనక్కర్లేదని మొదటి వాక్యంలోనే రాసుకుంటాం, అప్పుడు జవాబు తేలిగ్గా వస్తుంది. ఆయన చావుకు ఊరు జవాబు కనుక్కున్నదీ అలాగేనని అప్పుడు నాకు తట్టలేదు. ఇప్పుడు ఆ పాఠం చెప్పిన ప్రతిసారీ తడబడుతున్నాను.

మొన్న ఆదివారం జ్ఞాపకార్థ కూడిక పెట్టారు. నేను వెళ్ళేసరికి సంఘపెద్ద ఎదురొచ్చారు.

"మేడమ్‌గారూ, మీరూ రెండు మాటలు చెప్పాలి. కుట్టు, క్రమశిక్షణ, అట్లాంటివి. చేపల సంగతి ఎత్తకండి. మళ్ళీ ఆయన చావు, తాగుడు, అన్నీ బయటికొస్తాయి. ఆవిడ పేరు పాడవుద్ది."

"బయటికి రానివ్వండి," అన్నాను.

మైకు ముందు నిలబడి ఇదంతా చెప్పాను. సరదా కాదు అని చెప్పాను. ఆయన పోయాక ఆవిడ చేప ముట్టలేదని, ఒక్క బొచ్చెనైనా ఇంటికి తెచ్చుకోలేదని, ఆ విషయం ఈ వీధిలో అందరికీ తెలుసని చెప్పాను. ఒక మగమనిషి ఇదే పని చేసి ఉంటే కార్డు మీద ఏమని రాసేవారని అడిగాను. ఆవిడ గీత గీసిన గట్టు నుంచి ఆ తర్వాత ఎవరూ నీళ్ళలో పడలేదు. అది ఆవిడ వల్లేనని రుజువు చెయ్యడం నాకు చేతకాదు. అదీ చెప్పాను. సంఘపెద్ద పాట నంబరు చెప్పారు, అందరూ లేచి పాడారు.

నేను అనవసరంగా నోరు పారేసుకున్నానా, ఆవిడకు ఇది ఇష్టమై ఉండేదా అనుకుంటూ బయటికొచ్చాను. షామియానా కింద టీలు ఇస్తున్నారు. ఎవరో ఆడమనిషి, నాకు పరిచయం లేనామె, వచ్చి నా చెయ్యి పట్టుకుంది. చేతులు మిరపకోతకు వెళ్ళినవాళ్ళలా ఎర్రబారి ఉన్నాయి.

"ఎవరో ఒకరు చెప్పాలండీ. అదుగో, మా ఆయన. ఆ గీత వెనకే నిలబడేవాడు," అంది.

షామియానా అవతల ఎండలో ఒక బక్కపలచటి మనిషి, చొక్కా గుండీ ఒకటి తప్పించి పెట్టుకుని, టీ గ్లాసు ఊదుకుంటూ, భార్య ఎప్పుడొస్తుందా అని ఇటే చూస్తున్నాడు.